కరాగే శుక్రవారం హత్యలు

"ఈ లోకంలో బుర్రలు మూడు రకాలు," అన్నాడు నెగిషి, ఆఫీసు నడిమధ్య నిలబడి, మెడలో తువ్వాలు సర్దుకుంటూ. "మామూలు బుర్రలు, మంచి బుర్రలు, నా బుర్ర. మొదటి రెండు రకాలూ ఈ కేసులో చేతులెత్తేశాయి. కాబట్టి ఇక భారమంతా మూడోదాని మీదే పడింది."

చిజురు కంప్యూటరు మీంచి తల తిప్పలేదు. "చేతులెత్తేసిన ఆ రెండు బుర్రలూ ఎవరివో?"

"రెండోది నీది. మొదటిది ప్రెసిడెంటు గారిది. బయట అనకు."

"ఆయన నీ వెనకే ఉన్నారు."

నెగిషి గిర్రున తిరిగాడు. వెనక ఎవరూ లేరు, నీళ్ళ యంత్రం తప్ప. పదిమందిని గడగడలాడించే డిటెక్టివ్‌నని చెప్పుకునే మనిషి నీళ్ళ యంత్రానికి సగం వంగి నమస్కారం పెట్టి, తప్పు తెలుసుకుని, ఆ వంగిన ఒంటితోనే గ్లాసు తీసి నీళ్ళు పట్టుకున్నాడు. మొదట్నుంచీ దాహానికే వంగినట్టు.

నెగిషి అసలు ఉద్యోగం సేల్స్. డిటెక్టివ్ ఉద్యోగం ఆయనకి ఆయనే ఇచ్చుకున్నది. ఆఫీసులో ఎవరి గొడుగు పోయినా, ఫ్రిజ్‌లో ఎవరి పుడ్డింగు మాయమైనా కేసు ఆయనదే. పుడ్డింగు కేసులో ముగ్గుర్ని నిలదీసి, నాలుగో రోజున అది తనే తిన్నట్టు గుర్తు తెచ్చుకున్న ఘనత కూడా ఆయనదే. చిజురూ అతనూ ఒకే ఏడాది, ఒకే పొద్దున ఈ కంపెనీలో చేరారు. అలా చేరినవాళ్ళ మధ్య ఇక్కడ చుట్టరికం లాంటిదొకటి ఏర్పడిపోతుంది, వద్దన్నా వదలదు. ఆ ఒక్క కారణంగా చిజురు అతన్ని ఇరవయ్యేళ్ళుగా భరిస్తోంది.

ఈసారి కేసు మాత్రం పుడ్డింగు కాదు.

త్సుబామె ఊళ్ళో ఏ గోడ అవతల చెవి పెట్టినా స్పూన్లో ఫోర్కులో సానపట్టే చప్పుడే. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళకి మధ్యాహ్నం బెంటో డబ్బాలు పంపేది ఫుమియే గారి వంటశాల. ఎవరికి ఎన్ని డబ్బాలు, అన్నం ఎక్కువా తక్కువా, ఊరగాయ వద్దా కావాలా అని ఫ్యాక్టరీలు పొద్దున్నే కంప్యూటర్లో కొడతాయి. అవన్నీ కలిసి ఒక్క ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా, ఆవిడ ఆర్డర్ల లెక్క చూసిపెట్టే ఈ కంపెనీకి వచ్చి చిజురు ఒళ్ళో పడతాయి. ఎక్స్‌ఎంఎల్ అంటే మహా చాదస్తపు రాత. తెరిచిన ప్రతిదాన్నీ మూయాలి, మూసిన ప్రతిదీ ముందు తెరిచి ఉండాలి. ఒక్క మూత తక్కువైతే చదివే ప్రోగ్రాము అలిగి అక్కడికక్కడే ప్రాణం విడుస్తుంది.

దాన్ని చదివేది చిజురు పెర్ల్‌లో రాసిన ప్రోగ్రాము. పెర్ల్ పాత భాష. కుర్రకారు దాని పేరెత్తితే, పోయిన ముసలి మామ్మ గురించి విన్నట్టు మొహం పెడతారు. అయినా ఆ ప్రోగ్రాము ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే లేచి నలుగురు పిల్లల్ని కనేది. ప్రోగ్రాములు ఇలా పిల్లల్ని కనడాన్ని ఈ వృత్తిలో ఫోర్కు అంటారు. ఊరికి తగ్గ మాటే. నాలుగు వ్యాన్లకి నలుగురు పిల్లలు. ఒక్కొక్కడూ ఫైలు మొత్తం చదివి, తన వ్యాను వెళ్ళే దారిలో ఉన్న ఫ్యాక్టరీల్ని ఏరుకుని, డ్రైవరుకి చీటీ అచ్చేసి, తృప్తిగా కన్నుమూస్తాడు. పని ముగించుకుని పోతే అది సహజ మరణం, ఎవరూ ఏడవరు. గత నెలాఖరు నుంచి మాత్రం పని మధ్యలో పోతున్నారు. అదీ రోజూ కాదు. కొన్ని రోజులు నలుగురూ నిక్షేపంగా ఉంటారు, కొన్ని రోజులు ఇద్దరు పోతారు.

నిన్న ఇద్దరు పోయారు. ఉత్తరం వైపు వెళ్ళే డ్రైవరు చీటీ లేకుండా, తన జ్ఞాపకశక్తిని నమ్ముకుని బయల్దేరాడు. వృద్ధాశ్రమానికి వెళ్ళాల్సిన మెత్తటి గంజి డబ్బాలు ఇనుము కాల్చేవాళ్ళకి దింపాడు. ఇనుము కాల్చేవాళ్ళ పెద్ద సైజు మాంసం డబ్బాలు పళ్ళు లేని పెద్దలకి దింపాడు. పెద్దలు సంతోషించారట. ఇనుము కాల్చేవాళ్ళు సంతోషించలేదు.

పొద్దున ప్రెసిడెంటు తెరాశిమా గారు చిజురుని పక్కకి పిలిచారు. "చూడమ్మా చిజురూ, శుక్రవారం ఫుమియే గారు స్వయంగా వచ్చి చూస్తానన్నారు. ఆ రోజు ఒక్క చీటీ తప్పినా, సోమవారం నుంచి ఆవిడ మళ్ళీ ఫ్యాక్స్‌కి వెళ్ళిపోతారు. ఆవిడ వెళ్తే ఆ ప్రోగ్రాముతో మనకి పనుండదు, తీసి పక్కన పెట్టేస్తాం. వచ్చే ఫ్యాక్సులు చూసి టైపు చేయడానికి మాత్రం ఎవరో ఒకరు కావాలి కదా."

"ఎవరండీ?" అంది చిజురు, తెలిసే.

ఆయన కిటికీ పక్కన ఫ్యాక్స్ యంత్రాన్నీ, దాని పక్కన ఖాళీ కుర్చీనీ చూశారు. ఏమీ అనలేదు. అనకపోవడంలో ఆయన దిట్ట.

తను పెంచి పెద్ద చేసినదాన్ని తీసేసి, అది చేసే పనే తన చేత వేళ్ళతో చేయిస్తారన్నమాట. చిజురుకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంలోనే నెగిషి సహాయానికి ఒప్పుకుంది. బుద్ధి ఉన్నప్పుడు చేసే పని కాదది.

*

"మృతులు చనిపోయేముందు ఏమన్నా అన్నారా?" అని అడిగాడు నెగిషి, ఆమె పక్కన కుర్చీ లాక్కుని.

"అన్నారు. ఒకడు ఫైలుకి తోక లేదని చచ్చాడు. రెండోవాడు తల లేదని చచ్చాడు."

"మరణ వాంగ్మూలం." నెగిషి కళ్ళు మూసుకున్నాడు. "మరి ఫైలు శవపరీక్ష చేశావా?"

"చేశాను. తల ఉంది, తోక ఉంది, నడుము కూడా ఉంది. ఎక్కడా గీత పడలేదు. అదే ఫైలు నా చేత్తో చదివిస్తే సుబ్బరంగా చదువుకుంటుంది."

"అంటే ఇద్దరు హంతకులు. ఒకడు తల నరికే రకం, ఇంకొకడు తోక నరికే రకం. పని కాగానే రెండూ మళ్ళీ అతికించి పోతున్నారు. ఎంత నాజూకు చెయ్యి చూశావా."

"ఎవరికి పనీపాటా లేక ఇదంతా చేస్తారు?"

"ఆ ప్రశ్న హంతకుణ్ణి అడుగు. పట్టిచ్చాక."

తర్వాత నెగిషి నలుగురు పిల్లల్నీ విచారణకి పిలిచాడు. పోలీసు పద్ధతిలో ఒక్కొక్కణ్ణీ విడివిడిగా రమ్మన్నాడు. నిన్నటి ఫైలే ఇచ్చి, ముందు ఒక్కణ్ణి నడిపించమన్నాడు. వాడు చదివాడు, చీటీ అచ్చేశాడు, హాయిగా పోయాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు, నాలుగోవాడు కూడా. నెగిషి ప్రతిసారీ తెర మీదకి వేలు చాపి, సిగ్నలు చూసిన రైల్వే డ్రైవరులా గట్టిగా "పిల్లాడు క్షేమం" అని కేక పెట్టాడు. అలా వేలు చూపించి చెబితే పొరపాటు జరగదని ఆయన నమ్మకం. పక్క గదిలో ఫోన్ మాట్లాడుతున్నవాళ్ళు తలుపు వేసుకున్నారు.

"చూశావా," అన్నాడు. "నేను కాపలా ఉంటే ఎవడూ దగ్గరికి రాడు."

అని టీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు. చిజురు ఈలోగా నలుగుర్నీ ఒక్కసారే వదిలింది. ఇద్దరు పోయారు. మళ్ళీ వదిలింది. ఈసారి ఒక్కడే పోయాడు, ఇందాక బతికినవాడు.

నెగిషి టీతో వచ్చి తెర చూశాడు. "టీకి వెళ్ళిన టైము చూసి కొట్టాడు. లోపలి మనిషి పనే ఇది, చిజురూ. మన అలవాట్లు తెలిసినవాడు."

చిజురు అతని మాట చెవిన వేసుకోలేదు. విడిగా ఉంటే బతుకుతున్నారు, కలిసి ఉంటే చస్తున్నారు. ఆ ముక్క మాత్రం బుర్రలో ముల్లులా గుచ్చుకుంది. పిల్లలు చదివే భాగాన్ని వరుస వరుసా మళ్ళీ చూసింది. అంతా తన రాతే. ఒక్క అక్షరం కొత్తది లేదు. తన రాతని తనే అనుమానించి, తనే వదిలిపెట్టి, సాయంత్రానికి కళ్ళు మండిపోయాయి.

"నీ మెడలో ఆ తువ్వాలేంటి, రోజూ?" అంది విసుగ్గా, వేరే ఏమీ తోచక.

"బహుమతి. పొద్దుటి మీటింగులో వచ్చింది. నువ్వు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన రోజు."

"దేనికిచ్చారు?"

"చిన్న పొదుపు చేశాలే. గొప్పవాళ్ళు చెప్పుకోరు."

పొద్దుటి మీటింగు గురించి చెప్పకపోతే తెరాశిమా గారికి అన్యాయం చేసినట్టు. రోజూ పని మొదలయ్యే ముందు అందరూ వరసగా నిలబడాలి, ఒంటికి నాలుగు వ్యాయామాలు చేయాలి, తర్వాత ప్రతి ఒక్కరూ కంపెనీలో తాము ఆపిన వృథా ఒకటి చెప్పాలి. చెప్పడానికి ఏమీ లేదంటే ఆయన నొచ్చుకుంటారు. ఈ మీటింగు పుణ్యమా అని ఆఫీసు మొత్తానికి ఒకే కత్తెర మిగిలింది, అదీ తాడుతో గోడకి కట్టి. వరండా బల్బు పోయింది. రెండు జతల బాత్రూమ్ చెప్పుల్లో ఒక జత పోయింది. ఆఫీసులో తిరిగే చెప్పులు గుమ్మం బయట విడిచి, బాత్రూమ్ చెప్పులు తొడుక్కుని లోపలికి వెళ్ళాలి కదా. లోపల ఒకరుంటే రెండోవాళ్ళు సాక్సులతో గుమ్మం దగ్గర దీక్ష పట్టినట్టు నిలబడాలి. మంచి పొదుపు చేసినవాళ్ళకి ఆయన ఒక తెల్ల తువ్వాలు ఇస్తారు. ఆ తువ్వాళ్ళు ఎక్కడ కొంటారో, ఎంతకి కొంటారో ఎవరూ అడగరు.

*

మర్నాడు నెగిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"దొరికింది. హంతకుడు కోడి."

చిజురు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నవ్వకు. నేను రోజూ ఫుమియే గారి బెంటోనే తింటాను. ఏ రోజు ఏం తిన్నానో నా కడుపుకి గుర్తుంటుంది. పిల్లలు పోయిన ప్రతి రోజూ డబ్బాలో కరాగేనే. మొన్నా కరాగేనే. చేపలు పెట్టిన రోజు ఒక్కడూ పోలేదు. టోఫూ పెట్టిన రోజు అంతా ఉత్సవం. కోడి వేయించిన రోజే రక్తపాతం."

"వేయించిన కోడికీ, పెర్ల్ ప్రోగ్రాముకీ ఏంటి సంబంధం?"

"అది కనిపెట్టడానికే వెళ్తున్నాం. రేపు ఏంటో తెలుసా? కరాగే శుక్రవారం."

చిజురు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. ఫుమియే గారు వచ్చి చూస్తానన్న రోజే. కోడి మాట నమ్మడానికి మనసొప్పలేదు కానీ, రోజుల లెక్క మాత్రం సరిపోయింది. తనకీ గుర్తొచ్చింది, పోయినసారి గొడవ జరిగినప్పుడు కూడా వేళ్ళకి నూనె అంటుకునే ఉంది. వెళ్ళింది అతని వెంట. తను వెళ్ళకపోతే అతను ఒక్కడే వెళ్తాడు, అది ఇంకా ప్రమాదం.

నెగిషి వేషం కట్టాడు. తెల్లటి మాస్కు, తెల్లటి టోపీ, చేతిలో అట్ట. ఆరోగ్య శాఖ అధికారిలా వంటశాల వెనక గుమ్మంలోంచి గంభీరంగా అడుగు పెట్టాడు.

ఫుమియే గారు పెద్ద మూకుడు ముందు నిలబడి ఉన్నారు. చిన్న మనిషి, గొంతు మాత్రం పెద్దది. తల తిప్పకుండానే అన్నారు, "ఏం నెగిషి గారూ, ఇవాళ ఊరగాయ ఎక్కువ వేయించమంటారా?"

నెగిషి మాస్కులోపల దగ్గాడు. "నేను నెగిషిని కాను. తనిఖీకి వచ్చాను."

"ఆ తువ్వాలు మెడలోంచి తీసి రావాల్సింది. రండి చిజురు గారూ, మీరెందుకు ఈయన వెంట తిరుగుతున్నారు పాపం?"

"నేనే వచ్చానండీ," అంది చిజురు. "ఒక మాట అడగాలని. కరాగే రోజు మీకేమన్నా తేడాగా ఉంటుందా?"

"తేడా అంటే? ఒళ్ళు హూనమవుతుంది. మామూలు రోజుకి రెండింతల డబ్బాలు. చేపలు పెట్టిన రోజు ఇంటినుంచి డబ్బా తెచ్చుకునేవాళ్ళు కూడా ఆ రోజు మాకే చెబుతారు. ఫ్యాక్టరీలో మేనేజరు దగ్గర్నుంచి గేటు దగ్గర మనిషి దాకా."

చిజురు ఆగిపోయింది. రెండింతల ఆర్డర్లు. అంటే ఫైలూ రెండింతలు.

ఆ ఆలోచన ఇంకా కుదురుకోకముందే వెనక కరకరమని చప్పుడైంది. రేపటి మసాలా రుచి చూడ్డానికని ఆవిడ వేయించిన కరాగే ముక్కల్లో ఒకటి, సాక్ష్యం కోసమని తీసి, నెగిషి నమలుతున్నాడు.

"నమూనా తీసుకుంటున్నాను," అన్నాడు నోటినిండా.

"అది మూడో నమూనా," అన్నారు ఫుమియే గారు. తర్వాత చిజురు వైపు తిరిగి, గొంతు తగ్గించి, "చూడమ్మా, మీ మీద నాకు కోపం లేదు. కానీ మొన్న వృద్ధాశ్రమంలో ఒక పెద్దాయన కోడి ముక్క గొంతులో ఇరుక్కుని ఉక్కిరిబిక్కిరి అయ్యాడట. పక్కనున్నవాళ్ళు చూశారు కాబట్టి సరిపోయింది. రేపు కూడా చీటీ రాకపోతే నేను ఫ్యాక్స్‌కే వెళ్తాను. ఫ్యాక్స్ వెధవది, కానీ సగంలో చావదు."

చిజురు తల వంచుకుని నిలబడింది. ఆ పెద్దాయన సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా నెగిషి కోడి కుట్ర గురించి మాట్లాడుతూనే ఉన్నాడు, ఆమె రెండింతల ఫైలు గురించే ఆలోచిస్తోంది.

ఆ రోజంతా చూసింది. విడిగా బతుకుతారు, కలిస్తే చస్తారు. చిన్న ఫైలుకి బతుకుతారు, పెద్ద ఫైలుకి చస్తారు. ఒకడికి తల దొరకదు, ఇంకొకడికి తోక దొరకదు. ముక్కలన్నీ చేతిలో ఉన్నాయి కానీ అతుక్కోవడం లేదు. కిటికీ పక్క కుర్చీ వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. ఎవరో అప్పుడే దాని దుమ్ము తుడిచారు.

*

శుక్రవారం పొద్దున ఫుమియే గారు అన్న టైముకి ముందే వచ్చారు. వంటశాల పనివాళ్ళకి అప్పజెప్పి, నూనె వాసనతోనే వచ్చి, బల్ల దగ్గర కూర్చున్నారు. తెరాశిమా గారు టీ పోశారు, ఒకే టీ పొట్టం నలుగురికీ. ఫ్యాక్టరీల ఆర్డర్లు ఇంకా పడుతున్నాయి. కాసేపట్లో ఆర్డర్లు ముగుస్తాయి, ఫైలు దిగుతుంది, నలుగురు పిల్లలూ బయల్దేరతారు. వాళ్ళలో ఎవడు పోతాడో అన్నదే మిగిలింది.

చిజురు చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తోంది. నిన్నటి ఆర్డర్లకి ఇవాళ్టివి రెండింతలు ఎప్పుడో దాటాయి.

"నెగిషి ఏడీ?" అన్నారు తెరాశిమా గారు.

బాత్రూమ్ తలుపు ధడాలుమంది. నెగిషి పెద్ద పెద్ద అడుగులతో వచ్చి గది మధ్యలో ఆగాడు. కాఫీ ఎక్కువ తాగినట్టున్నాడు. లేక రాత్రంతా ప్రసంగం బట్టీ పట్టినట్టున్నాడు. రెండూ అయి ఉండొచ్చు.

"అందరూ ఉన్నారు కదా," అన్నాడు. "ఎవరూ ఈ గది దాటి వెళ్ళకూడదు."

"నేను వెళ్ళాలి," అన్నారు ఫుమియే గారు. "మీ ప్రెసిడెంటు గారు మూడు కప్పులు పోశారు."

"ఒక్క నిమిషం ఓపిక పట్టండి."

"నా వయసులో అది నా చేతిలో లేదు నాయనా." ఆవిడ లేచి బాత్రూమ్ వైపు వెళ్ళిపోయారు.

ముఖ్యమైన ముద్దాయి లేచి వెళ్ళిపోయినా నెగిషి తొణకలేదు. మొదలుపెట్టాడు. "వారం వారం మన మధ్యన మృత్యువు నాట్యమాడింది. పసివాళ్ళని నడిమధ్యలో నరికేసింది. ఒకడికి తల లేదు. ఒకడికి తోక లేదు. మిగతా సగం ఎక్కడ? ఆ సగం ఎక్కడుందో తెలిసిన రోజు హంతకుడు దొరికినట్టే. నేను చెబుతున్నాను, హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు. మిగతా సగం..."

"ఇక్కడ ఒకటే చెప్పు ఉంది," అన్న మాట బాత్రూమ్ గుమ్మం దగ్గర్నుంచి గట్టిగా వినబడింది.

నెగిషి ఆగాడు.

ఫుమియే గారు సాక్సులతో నిలబడి, చేతిలో ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ చెప్పు పట్టుకుని ఉన్నారు. కుడి కాలిది. "రెండోది లేదు. దాని బదులు మీ ఆఫీసు చెప్పొకటి పడి ఉంది. ఒక కాలితో నేనెలా వెళ్ళను?"

తెరాశిమా గారి చూపు నేల మీదుగా నెమ్మదిగా పాక్కుంటూ వచ్చి నెగిషి పాదాల దగ్గర ఆగింది. కుడి కాలికి గోధుమరంగు ఆఫీసు చెప్పు. ఎడమ కాలికి, పైన తెల్లటి అక్షరాలతో బాత్రూమ్ అని రాసి ఉన్న ఆకుపచ్చ చెప్పు. ఇక్కడ ఆ చెప్పుతో బాత్రూమ్ దాటి రావడం కన్నా, లుంగీతో పెళ్ళి పీటల మీద కూర్చోవడమే నయం.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే మనిషి బతకడని అందరికీ తెలుసు.

చిజురు ఆ రెండు చెప్పుల్నీ చూసింది. ఒకటి నెగిషి కాలికి. ఒకటి ఫుమియే గారి చేతిలో. ఉన్నదే ఒక జత. ఇద్దరికీ చెరొక సగం వచ్చింది, ఎవరికీ పనికిరాలేదు.

"అయ్యో," అంది మెల్లిగా.

కుర్చీ వెనక్కి తోసి కంప్యూటరు మీద పడింది. ఇన్ని రోజులుగా పిల్లలు చదివే చోటే వెతికింది. పిల్లలు పుట్టకముందు తల్లి ఏం చేస్తోందో చూడలేదు. ఇప్పుడు పైకి, ఇంకా పైకి జరిపింది. దొరికింది. ఫైలు తెరిచే వరుస. తన రాతే, అక్షరం మారలేదు, అందుకే కన్ను దాని మీంచి జారిపోయింది. చోటు మాత్రం మారింది. తను రాసినప్పుడు అది పిల్లల దగ్గర ఉండేది, ఒక్కొక్కడూ పుట్టాక తన ఫైలు తనే తెరుచుకునేవాడు. ఇప్పుడది తల్లి దగ్గరికి ఎక్కి కూర్చుంది. తల్లి ఒక్కసారి తెరుస్తోంది, నలుగురూ అదే పట్టుకుని చదువుతున్నారు. నలుగురికీ కలిపి చదివే చోటు ఒక్కటే. ఒకడు ముందుకి జరిపితే నలుగురికీ జరుగుతుంది, ఒకడు మొదటికి తిప్పితే నలుగురికీ తిరుగుతుంది. చిన్న ఫైలైతే ఒక్కొక్కడూ మొదటికి తిప్పుకుని ఒక్క గుక్కలో మింగేస్తాడు, ఎవరికీ తెలియదు. కరాగే రోజు ఫైలు గుక్కకి పట్టదు. వాడు గుటక వేసేలోపు పక్కవాడు వచ్చి మిగతాది తాగేస్తాడు. వీడికి తోక లేదు, వాడికి తల లేదు.

"ఎవరు జరిపారు దీన్ని?" అంది పైకే, ఎవర్నీ అడగకుండా.

అడిగిన మరుక్షణం ఆమె చూపు నెగిషి మెడ దగ్గరికి వెళ్ళింది.

"నెగిషీ. ఆ తువ్వాలు ఏ పొదుపుకి ఇచ్చారు?"

నెగిషి ఒంటికాలి మీద నిలబడి, ఆకుపచ్చ చెప్పుని వెనక దాచుకునే ప్రయత్నంలో ఉన్నాడు. "ఇప్పుడెందుకు అది?"

"చెప్పు."

జవాబు తెరాశిమా గారు చెప్పారు, గర్వంగానే. "కంప్యూటర్లో వృథా ఆపాడమ్మా. అదేదో ఫైలుని నలుగురు నాలుగుసార్లు తెరుస్తున్నారట. ఒక్కసారి తెరిస్తే చాలదా అని తనే మార్చేశాడు. ఆ రోజు అందరం చప్పట్లు కొట్టాం."

నెగిషి మొహంలో రంగులు ఒకదాని తర్వాత ఒకటి మారాయి. చివరికి తువ్వాలు రంగు దగ్గర ఆగాయి.

"నెగిషి ఇందాక చెప్పింది నిజమేనండీ," అంది చిజురు. "హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు. ఎడమ కాలికి బాత్రూమ్ చెప్పు వేసుకున్నాడు."

ఫుమియే గారు నవ్వారు. ఆ గొంతుతో నవ్వితే గోడ అవతల సానపట్టేవాళ్ళు కూడా పని ఆపారు. తెరాశిమా గారు మాత్రం నవ్వలేక, తిట్టలేక, ఎందుకంటే తువ్వాలు ఇచ్చింది తనే కాబట్టి, ఖాళీ టీ కప్పులోకి శ్రద్ధగా చూస్తూ కూర్చున్నారు.

అప్పుడే ఆర్డర్లు ముగిశాయన్న గంట మోగింది. ఫైలు దిగుతోంది.

చిజురు ఆ ఒక్క వరుసనీ తల్లి దగ్గర్నుంచి కోసి, కిందకి తెచ్చి, పిల్లల దగ్గర పెట్టింది. ఉన్నచోటు నుంచి ఉండాల్సిన చోటికి, అంతే. మీట రెండుసార్లు తప్పుగా నొక్కింది. మూడోసారి సరిగ్గా పడింది.

నలుగురు పిల్లలూ పుట్టారు. ఒక్కొక్కడూ తన ఫైలు తనే తెరుచుకున్నాడు.

అచ్చు యంత్రం గుర్రుమంది. ఒక చీటీ వచ్చింది. కాసేపు ఆగి రెండోది వచ్చింది. మూడోది వస్తూ వస్తూ సగంలో ఆగింది. చిజురు లేచి దాని దగ్గరికి వెళ్ళింది. యంత్రం కాగితం సర్దుకుని మిగతా సగం కూడా బయటికి నెట్టింది. ఆ వెనకే నాలుగోది, ఉత్తరం వైపు వ్యానుది. పైన వృద్ధాశ్రమం, మెత్తటి గంజి. కింద ఇనుము కాల్చేవాళ్ళు, పెద్ద సైజు కరాగే.

చిజురు నాలుగు చీటీలూ తీసుకెళ్ళి ఫుమియే గారి ముందు పెట్టింది. ఆవిడ సాక్సులతోనే నిలబడి, నాలుగోదాన్ని రెండుసార్లు చదివారు.

"సోమవారం టోఫూ పెడుతున్నాను," అన్నారు. "చీటీలు మీరే చూసుకోండి. ఇకనన్నా ఆ చెప్పు ఇప్పిస్తారా, లేకపోతే ఇక్కడే పరువు పోతుంది."

నెగిషి ఎడమ కాలి చెప్పు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఆవిడకి అందించాడు. జీవితంలో ఆయన అప్పజెప్పిన మొట్టమొదటి హంతకుడు అదే.

ఆవిడ లోపలికి వెళ్ళాక తెరాశిమా గారు గొంతు సర్దుకున్నారు. "బాత్రూమ్‌కి ఇంకో జత తెప్పించండి," అన్నారు. లేచి వెళ్తూ వెళ్తూ కిటికీ పక్క కుర్చీని తనే ఎత్తి, సామాన్ల గదిలో పడేశారు. ఆ విషయంలో కూడా ఏమీ అనలేదు.

మధ్యాహ్నం డబ్బాలు వచ్చాయి. చిజురు డబ్బాలో ఒక కరాగే ముక్క ఎక్కువ ఉంది. ఈ వారంలో ఆమెకి మొదటిసారి ఆకలి తెలిసింది. తింటూ ఉంటే నెగిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి రెండు కాళ్ళకీ ఒకే రకం చెప్పులున్నాయి. కిందకి చూసి, సరిచూసుకుని మరీ మాట్లాడాడు.

"నీ ప్రోగ్రాము పోతుందని నిజంగా భయమేసింది చిజురూ. నేనే చంపుతున్నానని తెలీదు."

"తెలుసులే."

"అయినా కేసు తేలింది నా వల్లే కదా. నేను చెప్పు మార్చుకోకపోతే నీకు వెలిగేది కాదు."

"అవును. నువ్వు లేకపోతే తేలేది కాదు. నువ్వు లేకపోతే కేసూ ఉండేది కాదు."

ఆ మాటలో సగం మాత్రమే విన్నట్టు నెగిషి గంభీరంగా తలాడించాడు. తర్వాత మెడలోంచి తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులతో ఆమె బల్ల మీద ఉంచాడు.

"ఇది నీకు రావాల్సింది. తీసుకో."

చిజురు దాన్ని చూసింది. ముక్కు దగ్గరికి తీసుకెళ్ళబోయి మధ్యలో మనసు మార్చుకుంది. "ఇది ఎప్పుడన్నా ఉతికావా?"

నెగిషి నొచ్చుకున్నాడు. "సాక్ష్యాన్ని ఉతకకూడదు."